పక్క మిల్లుతో లెక్కలు పంచుకుంటే మన గుట్టు పోతుందా?

మీరు రాసిన దాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. ఒడిశాలో కాశీనగర్ దగ్గర మీ అన్నదమ్ములకి ఉప్పుడు బియ్యం మిల్లు ఉంది. మీ బియ్యం కొనే పెద్ద కంపెనీ ఈసారి కరెంటు, నీళ్లు, ఊక, బూడిద, కూలీల వివరాలు, ధాన్యం ఏ ఊళ్ల నుంచి వచ్చిందీ అన్నీ అడుగుతూ పొడవాటి ఫారం పంపింది. ఈలోగా మీ గజపతి జిల్లాలో మీదానితో కలిపి నాలుగు మిల్లులు, సరిహద్దు దాటి ఆంధ్రాలో పాతపట్నం వైపు ఒకటి కలిసి, ఒకరి లెక్కలు ఒకరికి చూపించుకుందామని మాట అనుకున్నాయి. మీకు ఇష్టమే. మీ అన్నయ్యగారు మాత్రం "మన గుట్టు మనమే బయట పెట్టుకుంటామా" అంటున్నారు.

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం చుట్టుపక్కల మిల్లుల బాయిలర్లు, ఎనర్జీ ఆడిట్లు చూస్తూనే నా ఉద్యోగ జీవితం గడిచింది. సూటిగా చెప్తాను. మిల్లు ఎలా నడుస్తోందన్న లెక్క అయిదుగురూ దాపరికం లేకుండా పంచుకోండి. ఎంతకి కొన్నారు, ఎంతకి అమ్మారు అన్నది ఒక్క ముక్క కూడా మాట్లాడుకోకండి. కొనే కంపెనీకి కొలిచింది కొలిచినట్టు ఇవ్వండి.

మీ అన్నయ్యగారి భయాన్ని తీసిపారేయకండి. వ్యాపారం నిలబెట్టిన వాళ్లకి ఆ జాగ్రత్త ఉంటుంది, ఉండాలి కూడా. కాకపోతే ఆయన దాచాలనుకుంటున్నది ఏమిటో ఆయన చేతే ఒక కాగితం మీద రాయించండి. ప్రభుత్వానికి ఆడించే ధాన్యం సంగతి చూడండి. మద్దతు ధర ప్రభుత్వమే చెప్తుంది. క్వింటాలు ధాన్యానికి 68 కిలోల ఉప్పుడు బియ్యం ఇవ్వాలన్నదీ ప్రభుత్వమే చెప్తుంది. ఆడింపు కూలీ కూడా అక్కడే ఖరారవుతుంది. ఇక మిల్లు చేతిలో మిగిలేవి ఎంత ఊక కాల్చాం, ఎన్ని యూనిట్లు ఖర్చయ్యాయి, ఎన్ని నూకలు పడ్డాయి, తవుడు ఎలా పోయింది అన్నవే. వీటిలో చాలావరకు పక్క మిల్లువాళ్ల చెవిన పడనివేం కావు. రబ్బరు రోళ్లు మార్చే ఫిట్టరు, మోటార్లు చుట్టే మెకానిక్కు, బాయిలరు ట్యూబులు శుభ్రం చేసేవాళ్లు మన ప్రాంతంలో అన్ని మిల్లులకీ వాళ్లే. వాళ్లతో పాటు మాటా తిరుగుతుంది. అలా తిరిగేది అంచనాయే గానీ కొలత కాదు. ఫలానా మిల్లులో ఊక తక్కువ పడుతుందట అని అందరికీ తెలుసు. ఎంత తక్కువ, ఎందుకు తక్కువ అన్నది ఎవరికీ తెలీదు. చాలాసార్లు ఆ మిల్లు యజమానికి కూడా తెలీదు.

ఒక్క విషయం దగ్గరగా చూపిస్తాను. ఉప్పుడు బియ్యం మిల్లులో ఆవిరి ముఖ్యంగా రెండు చోట్లకి పోతుంది. ధాన్యం ఉడికించే ట్యాంకుల్లో అది నేరుగా ధాన్యంలోకే వెళ్తుంది, తిరిగి రాదు. డ్రయ్యరు దగ్గర అలా కాదు. రేడియేటరు గొట్టాల్లో నడిచి, గాలిని వేడెక్కించి, నీరుగా మారి, ఆవిరిని ఆపి నీటిని మాత్రం వదిలే స్టీమ్ ట్రాప్ లోంచి బయటికి వస్తుంది. ఆ నీరు దాదాపు మరిగే వేడిలో ఉంటుంది. ఉప్పులు లేని మంచి నీరు. చాలా మిల్లుల్లో అది డ్రయ్యరు వెనక కాలవలో పొగలు కక్కుతూ పోతుంటుంది. కాస్త అవతల బాయిలరుకి నీళ్లిచ్చే ఫీడ్ ట్యాంకులోకి చల్లటి బోరు నీళ్లు పడుతుంటాయి. ఫీడ్ నీటి వేడి ప్రతి 6 డిగ్రీలు పెరిగితే ఇంధనం సుమారు 1 శాతం తగ్గుతుందన్నది ఆడిటర్లందరూ వాడే లెక్క. 30 డిగ్రీల నీళ్లని 60కి తెస్తే 5 శాతం. రోజుకి 5 టన్నుల ఊక కాల్చే బాయిలరు అనుకోండి, రోజుకి 250 కిలోలు మిగులుతుంది. 150 రోజుల సీజన్లో 37 టన్నుల పైమాటే. ఆ ఊక అమ్ముకోవచ్చు. దీనికి కావాల్సింది పైపులైను, దాని మీద ఇన్సులేషన్, ఒక ట్యాంకు. నీళ్లు వేడిగా ఉంటాయి కాబట్టి ఆ ట్యాంకు ఫీడ్ పంపు కంటే తగినంత ఎత్తులో ఉండాలి, లేకపోతే పంపు సరిగా లాగదు.

ఇందులో ఏ మిల్లు రహస్యమూ లేదు, ఏ పుస్తకంలో చూసినా దొరుకుతుంది. అయినా జరగదు. ఎందుకంటే అందరి కాలవలోనూ అలాగే పోతోంది, కాబట్టి అది నష్టంలా కనిపించదు. అయిదు మిల్లుల్లో ఒక్కటి ఆ నీటిని వెనక్కి తెచ్చుకుంటూ ఉండి, టన్నుకి ఎంత ఊక కాలుతోందో అయిదు అంకెలూ ఒకే కాగితం మీద కనబడితే, మిగతా నలుగురూ మర్నాడే పైపు కొలతలు తీసుకోవడానికి వెళ్తారు. అంకెలు పక్కపక్కన పెట్టడం వల్ల వచ్చే లాభం ఇదే.

అయితే ఆ పెట్టడంలోనే తిరకాసు ఉంది. మీ గుంపులో ఒక మిల్లు ఆంధ్రాలో ఉంది. మీకు కరెంటు ఇచ్చే డిస్కమ్ వేరు, వాళ్లకి ఇచ్చేది వేరు, టారిఫ్ వేరు. ఊక ధర కూడా రెండు వైపులా ఒకేలా ఉండదు. అందుకని రూపాయల్లో అసలు పోల్చుకోకండి. కరెంటు యూనిట్లలో, ఊక కిలోల్లో, నీళ్లు లీటర్లలో, అన్నీ టన్ను ధాన్యానికి ఎంత అని రాయండి. ఏ ధాన్యం అన్నది కూడా తేల్చుకోవాలి. 17 శాతం తేమతో వచ్చిన వెయ్యి కిలోల ధాన్యం 14 శాతానికి ఆరితే 965 కిలోలే అవుతుంది. ఒకరు లారీ తూకం రాసి, ఇంకొకరు ఆరబెట్టి శుభ్రం చేసిన తర్వాత తూకం రాస్తే, ఇద్దరూ నిజమే చెప్తున్నా లెక్కలో మూడున్నర శాతం తేడా వచ్చేస్తుంది. ఆ తేడా మీదే గొడవలు మొదలవుతాయి, "వాళ్లు తప్పుడు లెక్క ఇస్తున్నారు" అని ఒకరు బయటికి వెళ్లిపోతారు. ఇలా చెదిరిపోయిన గుంపులు నాకు తెలుసు. మోసం జరిగి చెదరలేదు, కొలత కుదరక చెదిరాయి.

కాబట్టి మొదటి సమావేశంలో అంకెలు తేవొద్దు. ఎలా కొలవాలో మాత్రం తేల్చుకోండి. నానబెట్టే ట్యాంకులోకి వెళ్లే ధాన్యమే లెక్క, తేమ ఫలానా శాతానికి సరిచేసి రాయాలి, ఊకని అంచనాగా కాకుండా వారానికి ఒక రోజు బస్తాలకెత్తి తూకం వేయాలి, కరెంటుకి మొత్తం మీటరుతో పాటు డ్రయ్యరు బ్లోయర్లకి విడిగా సబ్ మీటరు పెట్టాలి. వేడి నీళ్లలో నానబెట్టేవాళ్లు, చల్ల నీళ్లలో ఎక్కువసేపు నానబెట్టేవాళ్లు విడిగా గుర్తు పెట్టుకోవాలి, ఆవిరి లెక్క ఇద్దరికీ ఒకటి కాదు. లాగ్ బుక్కు బాయిలరు దగ్గర ఉండేవాళ్లు ఏ లిపి చదవగలిగితే ఆ లిపిలో ఉండాలి. మీ మిల్లులో ఒడియా, పాతపట్నంలో తెలుగు అయినా ఫరవాలేదు, గడులు ఒక్కటే అయితే చాలు. యజమాని కోసం ఇంగ్లిషులో అచ్చు వేయించిన పుస్తకాలు ఖాళీగా పడి ఉండటం చాలా చోట్ల చూశాను.

ఇక ఎవరి అంకెలు ఎవరు చూడాలి అన్నది. దీనికి ఇప్పటికే నడిచిన దారి ఒకటుంది. సిమెంటు కంపెనీల కంటే గట్టి పోటీదారులు ఉండరు. 1999లో వాటిలో కొన్ని పెద్ద కంపెనీలు కలిసి సిమెంట్ సస్టెయినబిలిటీ ఇనిషియేటివ్ అని మొదలుపెట్టాయి. తర్వాత ఫ్యాక్టరీల ఇంధనం, కార్బన్ లెక్కలు ఒక డేటాబేస్‌లో చేర్చడం మొదలెట్టారు. కంపెనీలు తమ అంకెలు ఒకరికొకరు పంపుకోవు. మధ్యలో ఉన్న స్వతంత్ర సంస్థకి పంపుతాయి. ఎవరికి వాళ్ల అంకె, దాని పక్కన మొత్తం మీద సగటు ఎక్కడుందో కనిపిస్తుంది. పక్కవాడి పేరు కనిపించదు. 2019 నుంచి ఆ పని గ్లోబల్ సిమెంట్ అండ్ కాంక్రీట్ అసోసియేషన్ కిందికి వచ్చింది. మన దేశపు సిమెంటు కంపెనీలూ అందులో ఉన్నాయి.

మీరూ అదే చేయండి, చిన్నగా. పర్లాకిమిడిలో సెంచూరియన్ విశ్వవిద్యాలయం ఉంది, గుణుపురంలో జీఐఈటీ విశ్వవిద్యాలయం ఉంది. ఏ మిల్లుతోనూ వ్యాపార సంబంధం లేని మెకానికల్ అధ్యాపకుణ్ణి ఒకరిని అడగండి. నెలకోసారి అయిదు కాగితాలు ఆయనకి వెళ్తాయి. ఒక్కో మిల్లుకి సొంత అంకె, అయిదింటిలో మధ్య అంకె, అన్నిటికంటే మంచి అంకె తిరిగి వస్తాయి. అన్నిటికంటే మంచి అంకె ఉన్న మిల్లు ఒప్పుకుంటే పేరు చెప్పి, మిగతావాళ్లని పిలిచి చూపిస్తారు. ఒప్పుకోకపోతే లేదు. ఆరేడు నెలలు గడిచాక పేర్లు దాచాల్సిన పని లేదని మీకే అనిపిస్తుంది, అయినా తొందరపడకండి. ఇద్దరో ముగ్గురో మాత్రమే మిగిలితే ఈ పద్ధతి పనిచేయదని గుర్తుంచుకోండి. ఇద్దరే ఉంటే సగటు, సొంత అంకె తెలిసినవాడికి ఎదుటివాడిది బయటపడుతుంది. అయిదుగురూ నిలవాలి, వీలైతే గుణుపురం వైపు నుంచి ఇంకో ఇద్దర్ని చేర్చుకోండి.

మొదటి మెట్టు ఇప్పటికే కట్టి ఉంది. కేంద్ర ప్రభుత్వ బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చిన్న పరిశ్రమల కోసం కొన్ని క్లస్టర్లని, అంటే ఒకే రకం పరిశ్రమలు గుంపుగా ఉన్న ప్రాంతాలని ఎంచుకుని అధ్యయనం చేసినప్పుడు, అందులో గంజాం రైసుమిల్లులు ఒకటి. వరంగల్ రైసుమిల్లులు, భీమవరం ఐసు ఫ్యాక్టరీలు, షోలాపూర్ జౌళి మిల్లులు కూడా ఆ జాబితాలోవే. గంజాం మిల్లుల మీద మాన్యువల్ తయారైంది, ఎవరైనా చదువుకోవచ్చు. మనకి ఇంత దగ్గరి మిల్లుల మీద జరిగిన పనిని మన మిల్లర్లలో చదివినవాళ్లు అరుదు. మీ గుంపు ఆ పుస్తకం పట్టుకుని మొదలుపెడితే సగం దూరం వెళ్లినట్టే.

ధరల విషయంలో నేను అంత గట్టిగా ఎందుకు చెప్పానంటే, అక్కడ చట్టం ఉంది. 2002 కాంపిటీషన్ చట్టం మూడో సెక్షన్ ప్రకారం పోటీదారులు కలిసి ధర నిర్ణయించుకోవడం, ఉత్పత్తి తగ్గించుకుందామనుకోవడం, ఫలానా మండీ నీది ఫలానా మండీ నాది అని పంచుకోవడం, టెండర్లలో కూడబలుక్కోవడం నేరుగా తప్పు కింద చూస్తారు. జరిమానా లాభానికి మూడు రెట్ల దాకా గానీ టర్నోవరులో పది శాతం దాకా గానీ, ఏది ఎక్కువైతే అది పడవచ్చు. టీ తాగుతూ "తవుడు ఎంతకి ఇచ్చారు" అని అడిగితే ఏమవుతుందిలే అనుకుంటారు. ఊక లెక్కల కోసం పెట్టుకున్న వాట్సాప్ గ్రూపులో ఒక్కసారి ధర పడితే, మీరు చేస్తున్న మంచి పని కూడా కూడబలుక్కున్నట్టే కనబడుతుంది. గ్రూపు పెట్టిన రోజే మొదటి మెసేజ్‌గా రాయండి: ధరలు, ఆర్డర్లు, కొనేవాళ్ల పేర్లు, టెండర్లు ఇక్కడ మాట్లాడకూడదు, ఎవరైనా పెడితే వెంటనే అభ్యంతరం చెప్పాలి. అన్నయ్యగారికి ఈ పేరా చూపించండి. ఆయన కాపాడాలనుకున్న గుట్టులో అసలు ముఖ్యమైన భాగానికి చట్టమే తాళం వేసి ఉంచింది.

ఒక్క దగ్గర మాత్రం మధ్యవర్తీ వద్దు, నెలాఖరు దాకా ఆగడమూ వద్దు. ప్రమాదాలు, తృటిలో తప్పిన ప్రమాదాలు. బాయిలరు నీటిమట్టం చూపించే గాజు గొట్టం మూసుకుపోయి నీళ్లు ఉన్నట్టే కనిపించింది, సేఫ్టీ వాల్వు లేవలేదు, ధాన్యం పైకెత్తే ఎలివేటరు గోతిలోకి దిగిన మనిషి ఉండగా ఎవరో స్విచ్ వేయబోయారు, ధాన్యం గోదాములో గుట్ట జారి మనిషి కాళ్లు కూరుకుపోయాయి. ఇలాంటిది ఒక మిల్లులో జరిగితే మిగతా నాలుగింటికీ ఆ సాయంత్రానికే తెలియాలి. ఎవరి తప్పు అన్నది రాయక్కర్లేదు, మనిషి పేరూ రాయక్కర్లేదు. ఏం జరిగింది, ఏం చూసుకోవాలి, అంతే. ఇది దాచడం వల్ల ఏ మిల్లుకీ పైసా లాభం లేదు. దాచడం వల్ల పోయేది మన ఊరి కుర్రాడి ప్రాణం. మీ గుంపు వేరే ఏ పనీ చేయకపోయినా ఈ ఒక్కటి చేస్తే చాలనిపిస్తుంది నాకు.

ఇప్పుడు ఆ పొడవాటి ఫారం. మీ బియ్యం కొనే కంపెనీవాళ్లు మిమ్మల్ని ఎందుకు అడుగుతున్నారో తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. స్టాక్ మార్కెట్లని నియంత్రించే సెబీ 2021లో బీఆర్ఎస్ఆర్ అనే నివేదిక పద్ధతి తెచ్చింది, కంపెనీ పర్యావరణం, పనివాళ్లు, సమాజం విషయంలో ఎలా నడుచుకుంటోందో అందులో చెప్పాలి. 2022-23 నుంచి మార్కెట్ విలువలో మొదటి వెయ్యి లిస్టెడ్ కంపెనీలు అది ఇచ్చి తీరాలి. 2023లో దానిలోని ముఖ్యమైన అంకెలతో బీఆర్ఎస్ఆర్ కోర్ అని వచ్చిన తర్వాత పెద్ద కంపెనీల దగ్గర తమకి సరుకు ఇచ్చేవాళ్ల లెక్కల గురించి కూడా మాట మొదలైంది. చట్టం నేరుగా మీ మీదికి రాలేదు, మీ దగ్గర కొనేవాళ్ల మీదుగా వస్తోంది. వాళ్లకి కావాల్సింది ఆడిటరు ముందు నిలబడే అంకె. అందంగా ఉన్న అంకె కాదు.

అందుకే "కన్సల్టెంటు చేత మంచిగా నింపించేద్దాం" అని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. కొలవని గడిలో "ఇంకా కొలవడం లేదు, ఫలానా నెల నుంచి మీటరు పెడుతున్నాం" అని రాయండి. కొలిచిన గడిలో అంకె, ఎలా కొలిచారో ఒక్క వాక్యం, ఏ నెలలదో రాయండి. మొదటి ఏడాది అంకె బాగా లేకపోయినా ఏం కాదు. రెండో ఏడాది అది తగ్గితే మీ మాటకి విలువ వస్తుంది. మొదటి ఏడాదే గొప్ప అంకె వేసేస్తే, రెండో ఏడాది నిజంగా ఊక ఆదా చేసినా చూపించుకునే చోటు ఉండదు.

కంపెనీవాళ్లు రైతుల జాబితా కూడా అడిగారన్నారు. పేర్లు, ఫోన్ నంబర్లు, ఆధార్, బ్యాంకు వివరాలు మీరు ఇవ్వకండి. అవి రైతులవి, మీవి కావు. 2023 డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం కూడా ఆ వైపే చెప్తోంది. ఏ మండీ నుంచి, ఏ పంచాయతీల నుంచి ఎన్ని క్వింటాళ్లు వచ్చిందో ఇస్తే వాళ్ల అవసరం తీరుతుంది. కూలీల విషయంలో కూడా ఎంతమంది, ఆడవాళ్లెంతమంది, ఎన్ని గంటలు, పీఎఫ్ ఎంతమందికి అన్న అంకెలు చాలు.

ఇచ్చేది మీరే అయినప్పుడు తీసుకోవడం కూడా అడగండి. ఈ మాట మన వైపు చిన్న మిల్లులు అడగవు, మొహమాటం. తవుడు కొని నూనె తీసే సాల్వెంట్ ప్లాంటు ప్రతి లోడుకీ నూనె శాతం, తవుడు ఎంత చెడిందో చెప్పే ఫ్రీ ఫ్యాటీ యాసిడ్ పరీక్ష చేస్తుంది. మీకు వచ్చేది ధర మాత్రమే, పరీక్ష కాగితం రాదు. ఆ కాగితం అడగండి. ఉప్పుడు బియ్యం తవుడులో నూనె ఎక్కువ ఉంటుంది, ఆవిరి పట్టడంతో తవుడుని చెడగొట్టే ఎంజైమ్ చాలావరకు చచ్చిపోతుంది. అయినా యాసిడ్ ఎక్కువ వస్తోందంటే తవుడు తడుస్తోందో, నిల్వ ఎక్కువవుతోందో, ఆవిరి సరిగా పట్టడం లేదో. అది మీకు తెలిస్తే మీరు దిద్దుకుంటారు, వాళ్లకి మంచి నూనె వస్తుంది. బూడిద కూడా అంతే. కాల్చిన ఊకలో 15 నుంచి 20 శాతం బూడిదగా మిగులుతుంది, అందులో ఎక్కువ భాగం సిలికా. తీసుకెళ్లే ఇటుకల బట్టీ వాళ్లని రంగు ఎలా ఉందని అడగండి. నల్లగా ఉంటోందంటే కాలని కార్బన్ పోతోంది, అంటే ఊక డబ్బు బూడిదతో పాటు బండెక్కి వెళ్తోంది. మీ బాయిలరు గురించి బట్టీవాడికి మీకంటే ముందు తెలుస్తుంది.

ధాన్యం నానబెట్టిన నీళ్ల విషయం మీరు ఉత్తరం చివర్లో ఒక్క వాక్యంలో తేల్చేశారు, నాకు మాత్రం అన్నిటికంటే అదే బరువుగా కనిపిస్తోంది. టన్ను ధాన్యానికి ఇంచుమించు టన్ను, టన్నుంపావు నీళ్లు పడతాయి. రోజుకి 40 టన్నులు ఆడితే 40, 50 వేల లీటర్లు. అది పులిసి వాసన కొడుతుంది, బీఓడీ, అంటే నీళ్లలోని మలినం కుళ్లుతూ ఎంత ఆక్సిజన్ లాగేస్తుందో చెప్పే కొలత, వందల్లో ఉంటుంది. ఏటిలోకి వదలాలంటే సాధారణ పరిమితి లీటరుకి 30 మిల్లీగ్రాములు. మహేంద్రతనయలో కలిసినా వంశధారలో కలిసినా కింద ఊళ్లవాళ్లు ఆ నీళ్లలోనే స్నానం చేస్తారు, పశువుల్ని కడుగుతారు, పొలానికి పెడతారు. రాష్ట్రం సరిహద్దు నీళ్లకి తెలీదు. ఒడిశాలో వదిలింది ఆంధ్రాలో తేలుతుంది. మీ అయిదు మిల్లుల్లో ఎవరైనా నానబెట్టిన నీటిని వడకట్టి మళ్లీ వాడుతుంటే, ఎన్నిసార్లు వాడగలుగుతున్నారు, ఎన్నోసారికి బియ్యం రంగు, వాసన మారుతున్నాయి అన్నది గుంపు మొత్తానికీ చెప్పాలి. మిగిలిన నీళ్లకి ఎవరికి వాళ్లు చిన్న ట్రీట్‌మెంట్ ప్లాంటు కట్టుకుంటే ఖర్చు ఎక్కువ. దగ్గరదగ్గరగా ఉన్న రెండు మిల్లులు కలిసి కట్టుకునే వీలుందేమో కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయంలో అడగండి. ముందుగా అయిదు మిల్లుల నీళ్లూ ఒకే రోజు, ఒకే ల్యాబులో పరీక్ష చేయించండి. ఆ కాగితం ఊరి సర్పంచి అడిగినా చూపించగలిగేలా ఉండాలి.

ఫారం గడువు ఎప్పుడో మీరు రాయలేదు. నెల లోపైతే ఉన్న కరెంటు బిల్లులు, ఊక అమ్మిన రసీదులు, హాజరు పట్టీలతో నింపగలిగింది నింపి పంపేయండి, మిగతావి ఎప్పటికి ఇస్తారో తేదీ వేయండి. అయిదు మిల్లుల పని దాని కోసం ఆపొద్దు. సీజన్ మొదలయ్యేలోపు ఫీడ్ ట్యాంకుకి ఒక థర్మామీటరు, ఊకకి ఒక తూకం యంత్రం, డ్రయ్యరుకి ఒక సబ్ మీటరు పెట్టించండి. అన్నయ్యగారిని మొదటి సమావేశానికి మీరే వెంటబెట్టుకుని వెళ్లండి, ఏ అంకె బయటికి వెళ్లాలో వద్దో నిర్ణయించే పని ఆయనకే అప్పగించండి.